అంగట్లో లేని మూడు పుస్తకాలు

అబద్ధం ఆడటం శ్రీవాసవికి చేతకాదు. ఆడితే చెవులు ఎర్రబడతాయి. అయినా ఆ సోమవారం పొద్దున, మైదుకూరు బస్టాండు ఎదురుగా ఉన్న వాళ్ళ పుస్తకాల అంగట్లో, ఒకటి కాదు, వరసబెట్టి మూడు ఆడేసింది. అదీ ఓ కుర్రవాడి కళ్ళలోకి చూస్తూ.

తప్పంతా ఆమెదే అనడానికి లేదు. ఆ ఇంట్లో ఒక కట్టడి ఉంది. పొద్దున అంగడి తెరిచాక మొదట మెట్లెక్కిన మనిషిని "లేదు" అని పంపకూడదు. బోణీ వేళ నోటి నుంచి ఆ మాట వస్తే ఆ రోజు బేరం ఇంక సాగదని వాసవి జేజి, అంటే నాయనమ్మ, రాజ్యలక్ష్మమ్మ నమ్మకం. పెన్సిల్ అడిగితే, అది లేకపోతే పెన్ను చేతిలో పెట్టాలి. పెన్నూ లేకపోతే "రేపొస్తాది, రాండి" అనాలి. బీకాం పాసై, కంప్యూటర్ కోర్సు కూడా చేసిన వాసవి ఈ ఒక్క విషయంలో జేజి గీసిన గీత దాటలేదు.

ఆ పొద్దున షట్టరు ఎత్తీ ఎత్తకముందే వాన మొదలైంది. మైదుకూరు వానకు తొందరెక్కువ. వచ్చానని చెప్పేలోపే వెళ్ళిపోతుంది. ఆ కాస్తలోనే ఒకతను తడిసి ముద్దయి, నెత్తిన ప్లాస్టిక్ కవరు పెట్టుకొని మెట్లెక్కాడు. పొడుగ్గా, సన్నగా ఉన్నాడు. వేళ్ళ నిండా రంగు సుద్దపొడి. కవరు తీసి దులిపితే ఆ నీళ్ళన్నీ అప్పుడే తుడిచిన నోటు పుస్తకాల మీద పడ్డాయి.

"ఓ సార్! నోట్సులు తడుస్తాండాయి!"

"అయ్యో, సారీ మేడం." జేబు రుమాలు తీసి తుడవబోయాడు. ఆ రుమాలుకున్న ఎర్ర సుద్ద అట్టలకంటింది. ఇంకోసారి సారీ చెప్పి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

వాసవికి కోపమూ వచ్చింది, నవ్వూ వచ్చింది. ఏది ముందు బయట పెట్టాలో తెలియక ఊరుకుంది.

"ఏం కావల్ల?"

"చిత్రకారుడు కంబన్న గురించి పుస్తకాలు ఉండాయా?"

కంబన్న పేరు తెలియనివాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. గండికోట దగ్గర గొర్రెలు కాసుకునే ఇంట్లో పుట్టాడు. నాపరాళ్ళ మీద బొగ్గుతో గీసి గీసి, మద్రాసు వెళ్ళి బొమ్మలు నేర్చుకున్నాడు. మళ్ళీ ఈ ఎండల్లోకే తిరిగొచ్చి, బతికినంత కాలం ఈ నేలనే గీశాడు. ఆయన పోయి ఇరవై ఏళ్ళవుతోంది. ఢిల్లీలో గోడల మీద ఆయన బొమ్మలున్నాయి. ఎర్రగుంట్లలో ఆయన ఇల్లుంది. పుస్తకం మాత్రం వాసవి ఎప్పుడూ చూడలేదు. "లే" అనేంతవరకూ వచ్చింది కూడా. పక్కన పీట మీద కూర్చుని తమలపాకులు తుడుచుకుంటున్న జేజి గట్టిగా దగ్గింది.

"...లేకేం, ఉండాయి" అంది వాసవి.

అతని ముఖం వెలిగిపోయింది. "నిజ్జంగానా? కడపలో అడిగినా, ప్రొద్దుటూరులో అడిగినా, యాడా దొరకలే. ఏమేం ఉండాయి?"

ఇక్కడ ఆగి ఉంటే సరిపోయేది. కానీ ఆ కళ్ళల్లో అంత ఆశ కనిపిస్తుంటే ఆగడం ఎవరి తరం?

"మూడుండాయి సార్. ఒకటి, 'కంబన్న పెన్నా దినాలు'. రెండోది, 'కంబన్న రంగులు'." మూడో పేరు కోసం పైకి చూసింది. పైన ఫ్యాను తప్ప ఏమీ లేదు. "'కంబన్న ఇంటి ముచ్చట్లు'."

"ఎవరు రాసినారు?"

ఎదురుగా రోడ్డు మీద పార్సిళ్ళు దించుతున్న లారీ కనిపించింది. దాని డ్రైవరు సోమన్న గొడుగు లేక టార్పాలిన్ కింద నిలబడి బీడీ వెలిగించుకుంటున్నాడు.

"సోమన్న" అంది వాసవి. "ఎస్. సోమన్న."

"మూడూ ఆయనేనా?"

"శానా రాసినాడులే. స్టాకు అయిపోయింది. వచ్చే వారం రాండి."

అతను శ్రద్ధగా పేర్లు రాసుకున్నాడు. బోణీగా ఒక సుద్దపెట్టె కొనుక్కొని వెళ్ళాడు. వాసవి చెవులు మధ్యాహ్నం దాకా చల్లారలేదు.

"ఆ పిల్లోడెవరో మనోడి మాదిరే ఉన్నాడు" అంది జేజి, ఆకు మడుస్తూ.

ఆ పిల్లోడు ప్రదీప్‌కుమార్. జేజి ఊహ నిజమే, వాళ్ళూ వైశ్యులే. కర్నూలులో వాళ్ళకు గుడ్డల అంగడి ఉంది. ఇక్కడ ఒక ప్రైవేటు స్కూల్లో డ్రాయింగ్ సారు. ఈ సంగతులు వాసవికి ఆ వారంలోనే తెలిశాయి, ఎందుకంటే అతను వచ్చే వారం దాకా ఆగలేదు. మర్నాడు సాయంత్రమే వచ్చాడు.

"పుస్తకాలొచ్చినాయా?"

"వచ్చే వారం అన్నా గదా సార్."

"ఊరికే అడిగినా. పోతా పోతా కనిపించింది అంగడి."

"మీ స్కూలు ఆ పక్కుండాది. మీ రూము ఈ పక్కుండాది. అంగడి మధ్యలో యాడొచ్చింది?"

దొరికిపోయి అతను తల గోక్కున్నాడు. "నా రూము యాడుండాదో మీకెట్ల తెలుసు?"

ఈసారి దొరికిపోయింది వాసవి. రెండు డజన్ల స్కేళ్ళు సర్దాల్సిన పని ఉన్నట్టుండి గుర్తొచ్చింది.

అలా మొదలైంది. రోజూ వచ్చేవాడు. ఒకరోజు రబ్బరు, ఒకరోజు చార్టు, ఇంకోరోజు రబ్బరు మళ్ళీ. ఒక డ్రాయింగ్ సారు ఇన్ని రబ్బర్లు అరగదీస్తే అసలు గీసేదెప్పుడని వాసవి అడిగేసింది. బడిలో పిల్లలు తప్పులు గీస్తారని అతను, తప్పులు పిల్లలవా సారువా అని ఆమె.

కంబన్న పుస్తకాలు ఎందుకో కూడా ఆ మాటల్లోనే చెప్పాడు. ఎర్రగుంట్లలో కంబన్న ఇంటిని చిత్రశాలగా తెరుస్తున్నారు. వచ్చినవాళ్ళకు బొమ్మలు చూపించి, ఆయన కథ చెప్పడానికి మనిషి కావాలి. ఆ ఉద్యోగానికి ప్రదీప్ దరఖాస్తు పెడుతున్నాడు.

"చిన్నప్పుడు స్కూలోళ్ళు పిల్చుకపోయి కంబన్న బొమ్మ చూపించినారు. ఎండిపోయిన పెన్న బొమ్మ. ఇసుక తప్ప ఏమీ లేదు. అయినా కాళ్ళు కాల్తాండాయి అనిపించింది చూస్తాంటే. ఆ రోజే అనుకున్నా, జీవితాంతం దాని పక్కన నిలబడినా చాలని."

"రాకపోతే?"

"మా నాయనకు మాటిచ్చినా, ఇదే ఆఖరని. రాకపోతే కర్నూలు పోయి చీరలు మడత పెట్టల్ల."

అతను నవ్వుతూనే అన్నాడు. వాసవికి మాత్రం లోపల కలుక్కుమంది. లేని పుస్తకాల సంగతి అప్పుడే చెప్పేద్దామని నోరు తెరిచింది. "వాసవీ, మీరు లేకపోతే ఆ మూడు పేర్లు కూడా నాకు తెలిసేవి కాదు" అన్నాడతను. తెరిచిన నోరు మూసుకుంది.

చెప్పలేక, చెప్పకుండా ఉండలేక, ఆమె ఇంకో దారి పట్టింది. పుస్తకాలు వచ్చేలోగా ఇవి చదవమని ఇంట్లో ఉన్నవన్నీ మోసుకొచ్చింది. జేజి పెట్టెలోని పాత పంచాంగాలు, నాయన చిన్ననాటి భూగోళం వాచకం, ఎర్రగుంట్ల నాపరాయి ఫ్యాక్టరీ వాళ్ళు ఎప్పుడో పంచిన పుస్తకం, చివర్లు చెదలు తిన్న రైల్వే టైంటేబులు.

"ఇవి కంబన్న గురించినవా?" అన్నాడు ప్రదీప్, పంచాంగం తిరగేసి చూస్తూ.

"కంబన్న కాలం నాటివి. ఆయన బతికిన ఎండా, ఎక్కిన రైలూ ఇవే గదా. ముందు ఇవి చదవండి, తర్వాత పుస్తకాలు రోంత బాగా అర్థమైతాయి."

ఆ మాట ఆమెకే నచ్చింది. అబద్ధానికి అతుకు వేద్దామని మొదలుపెట్టింది నిజమైపోయినట్టు అనిపించింది. ప్రదీప్ అవన్నీ చంకన పెట్టుకొని పోయి, నిజంగానే చదివాడు.

రెండు మూడు వారాలు హాయిగా గడిచాయి. పుస్తకాల ఊసెత్తితే లారీ చెడిపోయిందని ఒకసారి, ప్రెస్సువాళ్ళకు కరెంటు పోయిందని ఒకసారి అంటూ వచ్చింది. అతను మనసు మార్చుకుని అడగడం మానేస్తే బాగుండునని దేవుడికి దండం కూడా పెట్టుకుంది. దేవుడు విన్నట్టే ఉన్నాడు. అతను అడగడం మానేశాడు. రావడం మాత్రం మానలేదు.

ఇంతలో ఒక పొద్దున వాసవి ఇంటి నుంచి అంగడికి వచ్చేసరికి నాయన లక్ష్మీనరసయ్య మహా ఉషారుగా ఉన్నాడు.

"పాపా, ఈ పొద్దు బోణీ అదిరిపోయింది! ఎర్రగుంట్ల నుంచి మనిషి వచ్చినాడు. కంబన్న ఇంట్లోవాళ్ళు పంపించినారంట. మూడు పుస్తకాలు, పదేసి కాపీలు కావల్లంట!"

వాసవి కాళ్ళకింద నాపరాయి కదిలింది. "ఏం పుస్తకాలు నాయనా?"

"ఏందో, పెన్నా దినాలంట, రంగులంట, ఇంటి ముచ్చట్లంట. సోమన్న అనేటాయన రాసినాడంట. మైదుకూరు అంగట్లో దొరుకుతాయని వాళ్ళకెవురో రాసినారు."

"నువ్వేమన్నావు?"

"ఏమంటా? మొదటి బేరం. ఉండాయి, వారంలో పంపిస్తామన్నా." అని, కాస్త ఆగి, "ఈ సోమన్న ఎవురు పాపా? మన లారీ సోమన్న గాదు గదా?" అన్నాడు.

పీట మీద జేజి ఆకు నమలడం ఆపింది. మనవరాలి చెవుల వైపు చూసింది.

సాయంత్రం ప్రదీప్ వచ్చేదాకా వాసవికి క్షణమొక యుగం. వచ్చాక ఇంకా కష్టమైంది. అతను ఈల వేసుకుంటూ వచ్చాడు.

"వాసవీ, ఎల్లుండి ఇంటర్వ్యూ! లెటరొచ్చింది!"

"సార్, ఒక మాట. దరఖాస్తులో ఆ పుస్తకాల పేర్లు రాసినారా?"

"రాసినా. కంబన్న జీవితం, ఆయన లోకం అర్థం కావల్లంటే ఏమేం చదవల్లో మీ సలహా రాయండి అని ఒక ప్రశ్న ఇచ్చినారు. మన మూడు పుస్తకాలే రాసి, ఈ అంగడి పేరు కూడా వేసినా. మీ అంగడికి పేరొస్తాదని."

"అవి లేవు" అంది వాసవి.

"తెలుసులే, స్టాకు..."

"స్టాకు గాదు. అట్లాంటి పుస్తకాలే లేవు. ఎవరూ రాయలేదు. పొద్దున పూట లేదనగూడదని నేనే కల్పించి చెప్పినా. సోమన్న లారీ డ్రైవరు."

అతను మొదట నవ్వాడు. ఆమె నవ్వలేదు. ఆమె చెవులు చూశాక అతని నవ్వు ఆగిపోయింది.

"ఇన్ని దినాలు వచ్చినా గదా నేను" అన్నాడు నెమ్మదిగా. "రోజూ వచ్చినా. ఒక్కరోజన్నా చెప్పాలనిపించలేదా?"

"రోజూ అనిపించింది."

"చదవని పుస్తకాలు చదవండని నేను రాయడం నా తప్పు. అది నేను పడతా. కానీ మీరు..." కొనడానికి తీసిన రబ్బరు బల్ల మీదే పెట్టి మెట్లు దిగిపోయాడు.

ఆ రోజూ మర్నాడూ వాసవి ఏడ్చిందని వేరే చెప్పక్కర్లేదు. ఉద్యోగం పోతే అతను కర్నూలు పోతాడు. పోయేది తన వల్ల. ఇంతకన్నా పెద్ద శిక్ష ఏ కోర్టూ వేయలేదు. ఫోన్ చేస్తే అతని నోకియా మోగి మోగి ఆగిపోయింది. చివరికి జేజి ఒళ్ళో తలపెట్టి సంగతంతా చెప్పేసింది.

జేజి చాలాసేపు జుట్టు నిమిరింది. "ఆ పిల్లోడంటే నీకు ఇష్టమా?"

"శానా" అంది వాసవి, ఒళ్ళోంచి తలెత్తకుండానే.

"అయితే ఏడ్చేదెందుకు? రేపు ఎర్రగుంట్ల పోదాం. ఆ ఇంటామెకు నిజం చెప్దాం."

"నువ్వెందుకు జేజీ, నీ మోకాళ్ళు..."

"లేదనగూడదని నేర్పింది నేను. నేర్పినదానికి నేను గూడా నిలబడల్ల."

ప్రొద్దుటూరులో బస్సు మారి వాళ్ళు ఎర్రగుంట్ల చేరేసరికి ఎండ నడినెత్తిన ఉంది. ఊరంతా సిమెంటు దుమ్ము. కంబన్న ఇంటి వరండాలో బెంచీల మీద ఇంటర్వ్యూ ముగిసినవాళ్ళు ఫలితం కోసం కూర్చుని ఉన్నారు. తలుపు బార్లా తెరిచే ఉంది. లోపల హాల్లో, గోడనంతా ఆక్రమించిన ఎండిపోయిన పెన్న బొమ్మ కింద, అరవై దాటిన ఒక పొడవాటి ఆమె కుర్చీలో కూర్చుని ఉంది. కంబన్న కూతురు హులిగెమ్మ. ఆమె ఎదురుగా నిలబడి ఉన్నది ప్రదీప్.

"ఏమప్పా, ఈ మూడు పుస్తకాల పేర్లు రాసినోడివి నువ్వే గదా?" అంటోంది హులిగెమ్మ, దరఖాస్తు ఊపుతూ. ఆమె గొంతు వరండా దాటి రోడ్డు దాకా వినిపిస్తోంది.

"అవునమ్మా."

"యాడుండాయి ఇవి?"

"యాడా లేవమ్మా. పేర్లు నేనే కల్పించి రాసినా. తప్పయిపోయింది."

గుమ్మం దగ్గర నిలబడ్డ వాసవికి అంతా వినిపించింది. అంత కోపంలోనూ అతను తన పేరు బయటికి రానీయలేదు. ఇంక ఆగలేక లోపలికి దూసుకుపోయింది.

"కాదమ్మా! కల్పించింది నేను. ఈయనకేం తెలీదు. నిజమనుకొని రాసినాడు."

హాల్లో, వరండాలో అందరి తలలూ ఆమె వైపు తిరిగాయి. ప్రదీప్ తల అందరికన్నా వేగంగా తిరిగింది.

"నువ్వెవురు పాపా?"

"మైదుకూరులో పుస్తకాల అంగడి మాది."

"పదేసి కాపీలు పంపిస్తామన్న అంగడా?"

"ఆ మాటన్నది నా కొడుకు" అంటూ జేజి లోపలికి వచ్చింది. "ఈ పిల్లకు అట్ల చెప్పమని నేర్పింది నేను. బోణీ వేళ వచ్చినోళ్ళను లేదని పంపగూడదమ్మా మా ఇంట్లో. అందర్నీ కలిపి ఒకేసారి తిట్టు తల్లీ. రోంత కూర్చొని వింటా, మోకాళ్ళు నొప్పి."

హులిగెమ్మ ఆమెకు కుర్చీ చూపించింది గానీ కళ్ళు వాసవి మీదే ఉన్నాయి. "నిజం చెప్పు. ఆ మూడోది, 'కంబన్న ఇంటి ముచ్చట్లు', అదీ లేదా?"

"లేదమ్మా."

"ఎవురూ రాయలేదా? యాడా అచ్చు కాలేదా?"

"కాలేదమ్మా. నా మీద ఒట్టు."

హులిగెమ్మ కుర్చీలో వెనక్కి వాలిపోయింది. కొంగుతో ముఖమంతా తుడుచుకుని, ఇల్లు నిండేలా ఒక నిట్టూర్పు విడిచింది.

"బతికిస్తివి తల్లీ!"

వాసవి, ప్రదీప్ మొహమొహాలు చూసుకున్నారు. తిట్లు పడతాయనుకున్న చోట ఇదేమిటో ఇద్దరికీ అర్థం కాలేదు.

"మనిషిని పంపింది ఎందుకనుకున్యారు? చదివేదానికా?" అంది హులిగెమ్మ. "ఉన్న కాపీలన్నీ ఎన్ని దుడ్లయినా ఇచ్చి కొని, అటక మీద పడేద్దామని. ఇంటి ముచ్చట్లంట! ఆ పేరు చూసిన కాడ్నుంచి నాకు కంటిమీద కునుకు లేదు."

"ఎందుకమ్మా?" అంది వాసవి.

హులిగెమ్మ వరండా వైపు తలుపు మూసి రమ్మని సైగ చేసింది. ప్రదీప్ మూసి వచ్చాడు.

"పెద్ద కరువొచ్చిన ఏడు. గొర్రెల్ని తోలుకొని మీ మైదుకూరు పక్కకే వచ్చి దిగినాం. నేను చిన్నదాన్ని. తినేదానికి లేదు, పొయ్యిలోకి పుల్ల లేదు. ఒక దినం మా అమ్మ మా నాయన బొమ్మలు తీసి, చట్రాలు విరిచి పొయ్యిలో పెట్టింది. ఆ మంట మీద సంగటి వండి మాకు పెట్టింది. మా నాయనా తిన్యాడు. ఒక్క మాటనలే." "ఈ పొద్దు ఆ బొమ్మల కోసం ఢిల్లీ నుంచి వస్తాండారు. ఈ సంగతి తెలిస్తే మా అమ్మను ఏమనుకుంటారు? కంబన్న బొమ్మలు కాల్చిన మనిషి అంటారు. ఆమె పోయినా ఆ మాట పోదు. అది ఎవురో రాసేసినారని బయపడి సచ్చినా."

జేజి ముందుకు వంగింది.

"ఎర్రచీర, గడ్డం మీద పచ్చబొట్టు, కాలు రోంత ఈడ్చి నడిచేది. ఆమేనా మీ అమ్మ?"

"నీకెట్ల తెలుసు?"

"పొయ్యిలో పెట్టిన మర్నాడే అనుకుంటా, మా అంగడికి వచ్చింది తల్లీ, అప్పట్లో అది చిల్లర సరుకుల అంగడి. మెట్ల మీద కూర్చొని వెక్కి వెక్కి ఏడ్చింది. సంగతంతా నాకు చెప్పింది. నేను కొత్త కోడల్ని అప్పట్లో. ఏడ్చినంతసేపు ఏడ్చి, కళ్ళు తుడుచుకొని, నీలిమందు ఇయ్యమంది. తినేదానికి లేనప్పుడు బట్టలకు నీలిమందెందుకు తల్లీ అంటి. బట్టలకు గాదక్కా, ఆయనకు ఆకాశం వేసేదానికి, అంది."

హులిగెమ్మ కళ్ళు నిండాయి. ఆమె ఏడుస్తోందా నవ్వుతోందా వాసవికి తెలియలేదు. రెండూనేమో.

"నాకు ఇది తెలీదే" అంది హులిగెమ్మ. "ఇన్నేండ్లు పొయ్యి ఒక్కటే తెలుసు నాకు."

"అడిగినోళ్ళు లేరమ్మా. నేనూ ఎవరికీ చెప్పలే."

హులిగెమ్మ లేచి వచ్చి జేజి చేతులు పట్టుకుంది. అన్నేళ్ళ బరువు దించుకున్న మనిషి ముఖం ఎలా ఉంటుందో వాసవి ఆ రోజు చూసింది. తన గుండెలో రాయి మాత్రం ఇంకా అలాగే ఉంది. ఉద్యోగం సంగతి తేలలేదు.

హులిగెమ్మ కొంగు దోపుకొని మళ్ళీ కుర్చీలో కూర్చుంది. గొంతు మళ్ళీ పాత గొంతయింది.

"ఏమప్పా ప్రదీపూ! చదవని పుస్తకాలు జనాన్ని చదవమన్యావు. అది తప్పేనా?"

"తప్పేనమ్మా."

"అయితే నిజంగా ఏం చదివినావు చెప్పు."

ప్రదీప్ ఒకసారి వాసవి వైపు చూశాడు. కోపం ఉందో లేదో ఆ చూపులో పట్టుకోలేకపోయింది.

"పంచాంగాలు చదివినానమ్మా. ఈమె ఇచ్చింది. ఈ పెన్న బొమ్మ కింద మీ నాయన సంవత్సరం రాసినాడు గదా, ఆ ఏడు పంచాంగం తీసి చూసినా. వానలు దండిగా పడతాయి, ఏర్లు పొంగుతాయి అని రాసుండాది అందులో. జనం అది చదివి విత్తనం వేసుంటారు. ఒక్క చుక్క పడలే. మీ నాయన ఈ బొమ్మలో ఇసుక మీద గీతలు గీసినాడు చూడండి. నేను ఇన్నాళ్ళూ అవి ఊరికే గాలి గీతలు అనుకున్యా. అవి నాగలి చాళ్ళమ్మా. ఏటి ఒడ్డు దాకా దున్ని పెట్టుకున్యారు, వాన వస్తాదని."

అందరూ బొమ్మ వైపు తిరిగారు. చాళ్ళే. ఒకసారి చెప్పాక ఇంకేమీ కనిపించలేదు.

హులిగెమ్మ లేచి బొమ్మ దగ్గరికి వెళ్ళి ఆ చాళ్ళ వెంట చూపు నడిపింది.

"పొద్దున్నుంచి వచ్చినోళ్ళంతా మా నాయన గొప్పోడు, గొప్పోడు అనే చెప్పినారు" అంది చివరికి. "నువ్వొక్కడివే ఆయన పక్కన నిలబడి చూసినావు. ఒకటో తారీఖు వచ్చి పనిలో చేరు. ఇంకోసారి చూడని పుస్తకం పేరు చెప్పినావంటే మాత్రం ఈ గుమ్మం నుంచే తరుముతా. నువ్వు గూడా పాపా, మీ నాయనకు చెప్పు, ఆ ఆర్డరు కొట్టెయ్యమని."

ప్రదీప్ వంగి ఆమె కాళ్ళకు దండం పెట్టి, అదే ఊపులో జేజి కాళ్ళకూ పెట్టి, వాసవి ముందుకు వచ్చేసరికి తడబడి ఆగిపోయాడు. జేజి కిసుక్కున నవ్వింది.

ప్రొద్దుటూరులో మైదుకూరు బస్సు ఎక్కేసరికి సన్నగా చినుకులు మొదలయ్యాయి. ముగ్గురు కూర్చునే సీటు. కిటికీ పక్కన జేజి, మధ్యలో వాసవి, ఇవతల ప్రదీప్. బస్సు ఊరు దాటకముందే జేజి కళ్ళు మూసుకుంది.

"నా మీద కోపం పోయిందా?" అంది వాసవి, గొంతు తగ్గించి.

"రోంత ఉండాది."

"ఎప్పుడు పోతాది?"

"ఇంకేమన్నా అబద్ధాలుంటే ఇప్పుడే చెప్పేయ్. అన్నిటికీ కలిపి ఒకేసారి పోగొట్టుకుంటా."

అతను 'మీరు' వదిలేసి 'నువ్వు'లోకి వచ్చిన సంగతి వాసవి గమనించింది. గమనించనట్టు కిటికీలోంచి వాన చూసింది.

"ఒకటుండాది. పోయిన వారం మా నాయన అడిగినాడు, రోజూ వచ్చే ఆ డ్రాయింగ్ సారు ఎట్లాంటోడు పాపా అని. నేనేం గమనించలేదు నాయనా అంటి."

"మరి?"

"అంతా గమనించినా."

ప్రదీప్ మోకాలు బస్సు ఆగి ఉన్నప్పుడు కూడా ఊగుతోంది.

"నేనూ ఒకటి చెప్పల్ల. రెండో దినం నుంచీ నేను పుస్తకాల కోసం రాలే. నీ కోసం వచ్చినా. నువ్వంటే నాకు శానా ఇష్టం వాసవీ. నిన్న ఫోన్ ఎత్తలేదు గానీ, మోగినన్నిసార్లూ నీ పేరు చూసుకుంటా కూర్చున్యా."

"ఎత్తుంటే ఏం పోయింది?"

"ఎత్తితే కోపం పోతాదని."

వాసవి నవ్వేసింది. నవ్వుతుంటే కళ్ళలో నీళ్ళొచ్చాయి. తుడుచుకుందామంటే చేయి అతని చేతిలో ఉంది. ఎప్పుడు వెళ్ళిందో ఆ చేతికే తెలియాలి.

"మీది ఏం గోత్రం నాయనా?"

జేజి గొంతు. కళ్ళు తెరవలేదు. ఇద్దరి చేతులూ ఎగిరి ఎవరి ఒళ్ళో అవి పడ్డాయి.

వాసవి ఊపిరి ఆగిపోయింది. ఈ సంగతి ఆమెకు ఇంతవరకూ తోచనే లేదు. ఇంత దాటి వచ్చాక, హులిగెమ్మను దాటి, ఉద్యోగం దాటి వచ్చాక, ఒకే గోత్రం అని తేలితే అతను అన్న వరస అవుతాడు. అప్పుడు కర్నూలు పోయినా, ఎర్రగుంట్లలో ఉన్నా ఒకటే. బస్సు గుంతలో పడి లేచింది. దేవుడా, వాసవీ మాతా, ఈ ఒక్కటి.

"మున్నికుల, జేజీ" అన్నాడు ప్రదీప్.

"మాది పెండ్లికుల!" అని వాసవి గట్టిగా అరిచేసింది.

"నిన్ను అడగలేదులే" అంది జేజి. అప్పుడు కళ్ళు తెరిచి అతన్ని కింది నుంచి పైదాకా చూసింది. "మీ నాయన ఫోన్ నంబరు చెప్పు. రేపు నా కొడుకుతో మాట్లాడిస్తా. చీరలు మడత పెట్టేదానికి ఇంకో మనిషిని చూసుకోమని గూడా చెప్పల్ల గదా."

ప్రదీప్ నంబరు చెప్పాడు. రెండు అంకెలు తారుమారు చేసి, మళ్ళీ మొదటినుంచి చెప్పాడు. వాసవి ఇన్నాళ్ళూ బిగబట్టిన ఊపిరంతా ఒక్కసారి వదిలింది. అది ఎంత పెద్దగా వినిపించిందంటే, ముందు సీట్లో కూరగాయల గంప పెట్టుకున్న ఆమె వెనక్కి తిరిగింది.

"ఏం పాపా, కడుపులో తిప్పుతాండాదా? కిటికీ కాడికి పోతావా?"

"ఏం కాలేదక్కా" అంది వాసవి. "శానా బాగుండా."